సత్రంలో మర్నాడు

నిజామాబాద్, బోధన్ చర్చిల్లో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం వస్తుంది. ఒకామె లేచి, హైదరాబాద్ పోయి క్షేమంగా తిరిగొచ్చామని చెబుతుంది. ఇంకొకరు కొడుకు దుబాయ్‌లో దిగి ఫోన్ చేశాడంటారు. ఆర్మూరు రోడ్డుమీద లారీ తగలబోయి తృటిలో తప్పిందని మూడో మనిషి చెప్పగానే అందరూ ఒక్కసారిగా స్తోత్రం అంటారు. గల్ఫ్‌కు బయల్దేరేవాడి ఇంటికి ముందురోజు రాత్రి పాస్టర్ అయ్యగారు వచ్చి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం ఈ జిల్లాలో మామూలే. పక్కింట్లో కొబ్బరికాయ కొడతారు. ఆ పైయింట్లో పిల్లవాడి చేతికి ఇమామ్ జామిన్ కడతారు. ఊరు దాటేవాణ్ణి దేవుడికి అప్పగించి పంపడం ఇందూరు అనే ఈ నిజామాబాద్‌లో మతాలన్నిటికీ ఉన్న అలవాటు.

ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. రోడ్లు ఎలా ఉన్నాయో తెలిసినవాడెవడూ ఆ ప్రార్థనను ఎగతాళి చేయడు. కాకపోతే దేవుడిమీద నమ్మకమంటే మన బండి బోల్తా పడకపోవడం వరకే అయితే, అది బీమా పాలసీకి మరీ దగ్గరగా ఉంటుంది. సువార్తల్లో ప్రయాణం గురించి ఉన్న అతి ప్రసిద్ధమైన కథ క్షేమంగా చేరినవాడిది కానే కాదు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగల చేతుల్లో చావుదెబ్బలు తిన్నవాడిది.

మంచి సమరయుడి కథ ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. యాజకుడు పక్కనుంచి పోయాడు, లేవీయుడూ పోయాడు, పరాయి జాతివాడు ఆగాడు. బోధకులు సాధారణంగా అక్కడే ఆగుతారు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టిన చోట. కథ మాత్రం ఆగదు. అతను ఆ మనిషిని తన వాహనంమీద ఎక్కించి సత్రానికి తీసుకుపోతాడు. రాత్రంతా చూసుకుంటాడు. మర్నాడు సత్రంవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానంటాడు. ఆ మాట నమ్మి సత్రంవాడు ఒప్పుకోవడం కథలో ఎవరూ పట్టించుకోని విశ్వాసం. దారిలో ఆగడానికి జాలి సరిపోతుంది. మర్నాటికి కప్పు కావాలి, డబ్బు కావాలి, లెక్క రాసుకునేవాడు కావాలి, పరాయివాడి మాటమీద నిలబడే ఇంకో మనిషి కావాలి.

అలాంటి సత్రం ఒకటి ఈ జిల్లాలోనే కట్టారు. హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వచ్చే రైలు పట్టణం చేరబోయే ముందు డిచ్‌పల్లిలో ఆగుతుంది. ఇప్పటి యువతకు ఆ పేరు చెబితే తెలంగాణ విశ్వవిద్యాలయం, ఖిల్లా రామాలయం గుర్తొస్తాయి. వందేళ్ల కిందట ఆ పేరు వింటే జనానికి గుర్తొచ్చింది పెద్దరోగపు, అంటే కుష్ఠు, దవాఖాన.

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లో పుట్టింది. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పుచ్చుకుంది. ఆడవాళ్లు డాక్టర్లు కావడమే వింతగా ఉన్న రోజులవి. భర్త జార్జ్ మెథడిస్టు బోధకుడు. ఇద్దరూ 1907లో ఓడెక్కి నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో వైద్యం మొదలుపెట్టాక, మిగతా రోగుల వెనకాల దూరంగా కూర్చునే మనుషులు ఆమె కంటపడ్డారు. వేళ్లు పోయినవాళ్లు, ఊళ్లోంచి వెళ్లగొట్టినవాళ్లు, నడిచి నడిచి వచ్చినవాళ్లు. మందు ఇస్తే పుచ్చుకుని వెళ్లడానికి వాళ్లకు ఇల్లు లేదు. 1911లో వాళ్లకోసం పట్టణంలో ఒక చిన్న ఆశ్రయం తెరిచారు. అది చాలలేదు. చోటూ డబ్బూ రెండూ లేకుండా పోయాయి.

అప్పుడు డబ్బిచ్చింది లండన్ కాదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన విరాళం అండతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా దవాఖాన లేచింది. ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేయడం తేలిక. నిజానికి ఈ కథకు ఇరుసు ఇదే. దేవుడు సమకూరుస్తాడని నమ్మి బయల్దేరిన దంపతులకు సమకూర్చింది వాళ్ల సంఘంలో లేని మనిషి. ఆ దంపతులకు అది ఇబ్బందిగా అనిపించిందో లేదో గానీ, సమరయుణ్ణి కథానాయకుడిగా నిలిపిన గురువుకు మాత్రం అనిపించేది కాదు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. కెర్ దంపతులు సువార్త చెప్పడానికే వచ్చారు, ఆ మాట వాళ్లు ఎప్పుడూ దాచలేదు. ఊరు గెంటేసిన రోగి ముందు ఒక చేత్తో మందూ ఇంకో చేత్తో బోధా పెట్టడం న్యాయమేనా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రశ్న సరైనదే. అయితే ఆ రోగికి బోధ లేకుండా మందిచ్చే తలుపులు ఆ చుట్టుపక్కల ఎన్ని తెరిచి ఉన్నాయో కూడా అడగాలి.

మందు అంటే చాల్‌ముగ్రా నూనె. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటివాళ్లు దాన్ని సూదిమందుగా మెరుగుపరిచారు. ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చింది. నొప్పి పెట్టే సూది. అదీ ఒకసారి కాదు, నెలలు, ఏళ్లు. కొందరికి మేలు చేసేది, చాలామందికి పూర్తిగా పనిచేసేది కాదు. సువార్తలో యేసు కుష్ఠరోగిని ముట్టుకోగానే రోగం పోయింది. డిచ్‌పల్లిలో ముట్టుకున్నారు గానీ రోగం అంత తేలిగ్గా పోలేదు. అయినా వచ్చే వారం మళ్లీ సూది వేశారు. అద్భుతం జరగని చోట రోజూ అదే పని చేసుకుపోవడం కన్నా గట్టి విశ్వాసం ఏముంటుందో చెప్పడం కష్టం. 1923లో దంపతులిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఇసబెల్ చనిపోయింది. రోగాన్ని నిజంగా కుదిర్చే మందును ఆమె చూడలేదు.

ఆ మందు కథలోనూ డిచ్‌పల్లికి వాటా ఉంది. ఇక్కడ పనిచేసిన జాన్ లో అనే డాక్టరు తర్వాత కలకత్తాలో పరిశోధన చేసి, నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లాడు. చవకైన డాప్సోన్ బిళ్లలను నోటిద్వారా ఇచ్చి కుష్ఠును అదుపు చేయవచ్చని 1940ల చివర చూపినవాళ్లలో ఆయన ముఖ్యుడు. సూదుల ఏళ్లు పోయి బిళ్లల ఏళ్లు వచ్చాయి. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చింది.

ప్రయాణం అన్న మాటకు కుష్ఠరోగుల దగ్గర వేరే అర్థం ఉండేది. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి కుష్ఠరోగుల చట్టం కింద, ప్రభుత్వం నోటిఫై చేసిన చోట్ల రోగి ఊరబావిలో నీళ్లు తోడకూడదు, తినుబండారాలు చేసి అమ్మకూడదు, కిరాయి బండి ఎక్కకూడదు. రైలుపెట్టెకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ చట్టం రద్దయింది 2016లో. వ్యాధిని కారణంగా చూపి విడాకులు తీసుకునే వీలు తొలగింది 2019లో. చట్టాలు పోయినా బస్సులో పక్కసీటు ఖాళీగానే ఉంచే మనుషులున్నారు. క్షేమంగా చేరానని చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లలోనూ ఉన్నారు.

మర్నాటి సంగతి బోధన్‌కు ఇంకో రకంగా తెలుసు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది, నిజాంసాగర్ నీళ్లతో చెరకు పచ్చబడింది. 2015 డిసెంబరు 23న ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. అంటే క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు. కార్మికుల కుటుంబాలను ఆ వారం పలకరించనివారు ఉండరు. బకాయి జీతాలకోసం వాళ్లు ఏళ్ల తరబడి తిరిగినప్పుడు, మూడో ఏడూ నాలుగో ఏడూ పిల్లల ఫీజు సంగతి అడిగినవాళ్లే సత్రంవాడి బంధువులు.

గల్ఫ్‌లో ఈ బంధుత్వం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగుతో సహా చాలా భాషల సంఘాలు కూడతాయి. అక్కడ సెలవు శుక్రవారం గనుక ఆదివారపు ఆరాధన శుక్రవారానికి మారింది. సౌదీలో చర్చి భవనమే లేదు. అక్కడ విశ్వాసం గదుల్లో, పని విరామాల్లో బతకాలి. కొత్తగా దిగినవాడికి సిమ్‌కార్డు ఇప్పించడం, యజమాని పాస్‌పోర్టు పట్టుకుంటే ఎంబసీకి తోడు వెళ్లడం, చనిపోయినవాడి శవపేటిక శంషాబాద్ చేరేదాకా కాగితాల వెంట తిరగడం. వీటిలో ఏదీ ఒక్క రోజులో తెమిలే పని కాదు. చేసేవాడు క్రైస్తవుడే కానక్కర్లేదని గల్ఫ్ చూసొచ్చిన ఏ ఆర్మూరు మనిషైనా చెబుతాడు.

మెదక్ చర్చి చూడటానికి జనం బస్సులు మాట్లాడుకుని వెళతారు. వెళ్లాల్సిందే. కరువు రోజుల్లో కూలీలకు అన్నం పెట్టిన కట్టడం అది, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ బస్సుల్లో నిజామాబాద్ నుంచి బయల్దేరేవి కొన్ని డిచ్‌పల్లి మీదుగానే పోతాయి, ఆగవు. అక్కడ ఆకాశాన్నంటే గోపురం లేదు మరి.

కుష్ఠురోగం ఇంకా పోలేదు. దేశంలో పదివేల మందికి ఒకటి కన్నా తక్కువకు చేరిందని 2005 చివర ప్రకటించినా కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. ఒంటిమీద రంగు తగ్గిన మచ్చ, అక్కడ స్పర్శ తెలియకపోతే ఆశా కార్యకర్తకు చూపించాలి. మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రోగ తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడాలి. మీ వీధిలో అలాంటివారుంటే మొదటి నెల తోడు వెళ్లండి, రెండో నెలా వెళ్లండి, బస్సులో పక్కన కూర్చోండి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే వారినుంచి రోగం ఇతరులకు అంటదు.