సాలగ్రామ చక్రము చెప్పు పాఠము



శిల్పి మలచిన విగ్రహమునకు ప్రతిష్ఠ వలయును. సాలగ్రామమునకు అది అక్కరలేదు. స్వామి అందు స్వయంవ్యక్తుడై వేంచేసియున్నాడని మన సంప్రదాయము. ఆ నల్లని శిలయందలి చక్రమును సేవించి, తులసి సమర్పించి, తీర్థము స్వీకరించుట శ్రీవైష్ణవ గృహములలో తరతరములుగ సాగుచున్న నిత్యవిధి.

నేడు కొన్ని గృహములలో ఒక ప్రశ్న పుట్టుచున్నది. చదువుకొనిన బిడ్డ “అమ్మా! ఇది ఏనాటిదో సముద్రజీవి గుల్ల గదా! దీనికి ఆరాధన మెందులకు?” అని యడుగును. తల్లి బదులు చెప్పజాలక మిన్నకుండును. ఆ మౌనముతోనే ఆరాధనము సన్నగిల్లుచున్నది. కావున ఆ ప్రశ్నపై కోపింపక, శాంతముగ విచారింతము.

బిడ్డ పలికినది అసత్యము కాదు. సాలగ్రామములు నేపాళదేశమున కాలీగండకీ నదిలో లభించును. ఆ నదీప్రాంతముననే ముక్తినాథ దివ్యదేశము సుమారు 3,700 మీటర్ల యెత్తున వెలసియున్నది. సుమారు 15 కోట్ల సంవత్సరముల క్రిందట అచ్చట సముద్రముండెడిది. అందు అమ్మోనైటులను గుల్లజీవులు సంచరించెడివి. అవి మరణించి అడుగుబురదలో పూడుకొనగా, కాలక్రమమున బురద శిలయై, గుల్ల రూపము అందు నిలిచినది. పిమ్మట భూఖండములు ఒరసికొనగా ఆ సముద్రపు టడుగే హిమాలయమై పైకి లేచినది. మన పెద్దలును వజ్రకీటమను జీవి ఈ చక్రములను తొలిచెనని చెప్పిరి. ఆ రెండు కథనములు ఒక్కటియని మేమనము. కాని ఉలి తగులని ఈ రచనకు ఒక అల్పప్రాణి నిమిత్తమగుట మనకు క్రొత్తమాట కాదు. నిమిత్తము తెలిసినంతమాత్రమున స్వామి తొలగిపోవునా?

ఆ జీవి గుల్లను కట్టుకొనిన తీరు చూడుడు. దేహము పెరిగిన కొలది అది ముందునకు జరిగి, వెనుక ఒక అడ్డుగోడ కట్టుకొనెడిది. అట్లు అరలు పెక్కేర్పడినను, కడపటి అరయందే దాని నివాసము. విడిచిన అరలన్నింటి గుండా ఒక సన్నని నాళము సాగుచుండెడిది. చుట్టు చుట్టునకు వెడల్పు ఇంచుమించు ఒకే పాళ్లలో హెచ్చెడిది. అందుచేత గుల్ల ఎంత పెరిగినను ఆకృతి మారదు. చిన్ననాటి చుట్టు పెద్దచుట్టు నడుమ చెక్కుచెదరక నిలిచియుండును.

శ్రీమద్రామానుజ సిద్ధాంతమున జీవుని జ్ఞానమునకు సంకోచవికాసములు కలవు. స్వరూపమునకు మాత్రము మార్పు లేదు. జీవుడు ఎంత తెలిసికొనినను భగవంతునకు శేషభూతుడే. సాలగ్రామ చక్రము ఈ యర్థమును కన్నులకు కట్టించుచున్నది. జ్ఞానము చుట్టుచుట్టుగ విస్తరించుగాక. శేషత్వమను ఆకృతి చెడకుండుటయే కావలయును.

తల్లులారా! బిడ్డ మరల అడిగినపుడు మౌనము వహింపకుడు. “నాయనా! నీవు చెప్పినది నిజమే. పదిహేను కోట్ల యేండ్లు సముద్రములోను, పర్వతములోను, నదిలోను నిలిచి మన యింటికి వేంచేసిన ఈ మూర్తికి నేటి తులసిదళము నీ చేతితో సమర్పింపుము” అనుడు. తెలిసిన చేతితో సమర్పించిన తులసి స్వామికి మరింత ప్రియమగును.