ఆకలి కొలత, బాధ్యత కొలత

హత్నూర నుంచి మా కాలేజీకి రోజూ బస్సులో వచ్చే విద్యార్థి ఒకడు డిగ్రీ చివరి సంవత్సరంలో వున్నాడు. సివిల్ సర్వీసు పరీక్ష రాయాలనీ, అందులోనూ విదేశాంగ సర్వీసులో చేరాలనీ అతని కోరిక. ఒకనాడు పాఠం అయినాక నా వెంట నడుస్తూ, "సార్, ఆ కొలువుల చేరంగనే జీతమెంత ఇస్తరు? గంతే ఇయ్యాలని ఎట్ల ఖరారు చేస్తరు?" అని అడిగాడు. మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పాను. 2016 జనవరి 1 నుంచి అమలయిన ఏడవ వేతన సంఘం లెక్క ప్రకారం మూల వేతనం నెలకు 56,100 రూపాయలు, దానిపైన కరువు భత్యం వగైరా. రెండవదానికి "వేతన సంఘం వుంటుందోయ్" అని ఒక్క మాటతో తప్పించుకున్నాను. అది జవాబు కాదని ఇంటికి పోయినాక తోచింది. కుర్రవాడు ఎవరు ఖరారు చేస్తారని అడగలేదు, ఎట్లా చేస్తారని అడిగాడు.

ముందు ఆ లెక్క ఎట్లా వచ్చిందో చూడాలి. లెక్కలంటే మన సాహిత్యపరులకు గిట్టదు గాని, ఈ సందర్భంలో నీతి అంతా లెక్కలోనే దాగి వుంది.

వేతన సంఘం కింది నుంచి మొదలుపెడుతుంది. ప్రభుత్వంలో అట్టడుగు ఉద్యోగికి ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు ఏడవ సంఘం 1957లో 15వ భారత లేబర్ కాన్ఫరెన్సు ఆమోదించిన కొలతను తీసుకుంది. ఆ కొలతకు మూలపురుషుడు వాలెస్ ఐక్రాయిడ్ అనే పోషకాహార శాస్త్రవేత్త. ఆయన డైరెక్టరుగా పనిచేసిన కూనూరు పరిశోధనాలయమే తరవాత హైదరాబాదుకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ కొలత ఇది: భర్త ఒక యూనిటు, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరొక 0.6, వెరసి మూడు యూనిట్లు. (భార్య 0.8 ఎందుకయిందో వంగి నాట్లు వేసే ఏ ఆడమనిషినైనా అడిగి తెలుసుకోవచ్చు.) యూనిటుకు రోజుకు 2,700 కేలరీలు కావాలి. అందుకు బియ్యమో గోధుమలో 475 గ్రాములు, పప్పు 80 గ్రాములు, కూరలు, పాలు, నూనె, చక్కెర. కుటుంబానికంతకూ ఏడాదికి 72 గజాల బట్ట. వీటన్నిటికీ ధర కట్టి, వంటచెరకూ దీపమూ పండుగా పబ్బమూ చేర్చి, చివరకు 18,000 రూపాయలని తేల్చారు. అంతకుముందు ఆ ఉద్యోగి జీతం 7,000. కాబట్టి 2.57 రెట్లు పెరిగిందన్నమాట.

ఇక పైమెట్టు దగ్గరకు వస్తాం. కొత్తగా చేరిన దౌత్యాధికారి పాత జీతం 21,000. దాన్ని కూడా 2.57తోనే హెచ్చవేస్తే 53,970 అవుతుంది. సంఘం అట్లా చెయ్యలేదు. మెట్లు ఎక్కినకొద్దీ బాధ్యతా జవాబుదారీ పెరుగుతాయని చెప్పి, ఆ మెట్టు దగ్గర 2.67తో హెచ్చవేసింది. 56,070 వచ్చింది; సర్దితే 56,100. అంటే కొత్త అధికారి అదనపు బాధ్యతకు కట్టిన వెల 2,130 రూపాయలు. ఇది పెద్ద మొత్తమేమీ కాదు. కాని అదే న్యాయాన్ని చిట్టచివరి మెట్టు దాకా తీసుకుపోయి చూడండి. ప్రభుత్వ కార్యదర్శి పాత జీతం 80,000. ఆయన దగ్గర గుణకం 2.81, సర్దితే 2,25,000. అందరికీ వేసిన 2.57 ఆయనకూ వేసివుంటే 2,05,600. తేడా 19,400. తిండీ బట్టా పండుగా అన్నీ కలిపి ఒక కుటుంబం నెల బతుకుకు తేల్చిన మొత్తం 18,000 అయితే, ఒక అధికారి బాధ్యతకు గుణకంలో కలిపిన కొసరు ఒక్కటే 19,400! సంఘం నివేదికలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన కనిపించవు. దశాంశాల వెనక వుండిపోతాయి.

21,000 మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? అంతకుముందున్న 8,000 నుంచి. అది 2,200 నుంచి. వెనక్కి పోతూ వుంటే 1947లో మొదటి వేతన సంఘం నాటి 350 దగ్గర తేలుతాం. నాల్గవ సంఘం నాడు అడుగున 750, అధికారికి 2,200. అయిదవ సంఘం నాడు 2,550, 8,000. ఆరవ సంఘం నాడు 7,000, 21,000. ఏడవదాని నాడు 18,000, 56,100. ఎప్పుడు చూసినా సుమారు మూడు రెట్లు. ఈ దశాబ్దాలలో దౌత్యాధికారి పని ఎంతో మారింది. అడుగు ఉద్యోగి పనీ మారింది. మారనిది ఆ మూడు రెట్లు. మన వూళ్ళలో కొన్ని ఆచారాలు ఇట్లాగే వుంటాయి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గాని తప్పడానికి అందరికీ భయం.

ఇంక ఐ.ఎ.ఎస్., ఐ.ఎఫ్.ఎస్. వారికి ప్రమోషన్లప్పుడు ఇతర సర్వీసులకన్న రెండు ఇంక్రిమెంట్లు ఎక్కువ ఇవ్వడం, దానిమీద తక్కిన సర్వీసుల అలక, ఏడవ సంఘం సభ్యులలోనే ఆ విషయమై అభిప్రాయభేదాలు రావడం — ఇది మెట్టు మీదివాళ్ళ తగవు. మనకు అంత ముఖ్యం కాదు. ఒక్క ముచ్చట మాత్రం చెప్పకుండా వుండలేను. అదే కాలంలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ స్కేలులో అసిస్టెంటు ప్రొఫెసరు మొదటి జీతం 57,700 అయింది. కొత్త దౌత్యాధికారికన్న 1,600 ఎక్కువ! ఈ సంగతి మా స్టాఫు రూములో చెపితే అందరూ నవ్వారు. ఆ గదిలో వున్నవాళ్ళలో చాలామందిమి గంటల లెక్కన డబ్బు తీసుకునేవాళ్ళం.

ఇంతదూరం చదివిన పాఠకుడు, "అయితే అధికారుల జీతాలు తగ్గించమంటారా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు మన వాళ్ళ దగ్గర సిద్ధంగా ఒక జవాబు వుంది. 1871లో పారిస్ కమ్యూన్ ఉద్యోగుల గరిష్ఠ వేతనం ఏడాదికి 6,000 ఫ్రాంకులకు మించరాదని శాసించింది. 1931లో కరాచీ కాంగ్రెసు సయితం ప్రభుత్వోద్యోగి జీతం మామూలుగా నెలకు 500 రూపాయలు దాటరాదని తీర్మానించింది. ఆ జవాబు నేనూ చాలాకాలం చెప్పాను. ఇప్పుడు అంత తేలికగా చెప్పలేను. నిపుణులకు పెద్ద జీతాలివ్వక తప్పలేదని 1918లో లెనిన్ ఒప్పుకున్నాడు. అది కమ్యూన్ సూత్రాల నుంచి ఒక అడుగు వెనక్కి వేయడమేనని కూడా దాచకుండా చెప్పాడు. నా సందేహం అది కాదు, వేరొకటి.

బ్రిటిషు దౌత్య సర్వీసులో మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఒక నియమం వుండేది. చేరదలచినవాడు ఏడాదికి 400 పౌన్ల సొంత ఆదాయం వున్నట్టు చూపాలి. 1919లో గాని అది పోలేదు. దేశసేవకు జీతంతో పనేమిటన్న ఉదాత్తమైన మాట వెనక వున్న వర్గ స్వభావం ఇది. జీతం చాలని పదవి కలవారి పిల్లల సొత్తవుతుంది. 1949లో కేరళలోని ఉళవూరు అనే పల్లెనుంచి, పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ విదేశాంగ సర్వీసులో చేరగలిగాడంటే, ఆ ఉద్యోగం మీద బతకవచ్చు గనకనే. ఆయన 1997లో రాష్ట్రపతి అయినాడని అందరికీ తెలుసు. మొదటి జీతం ఆయనకు అవసరమయినంతగా ఒక జమీందారు కొడుక్కి అవసరం కాదు. కనుక హత్నూర కుర్రవాడికి 56,100 ఎక్కువని నేను అనను. తక్కువ జీతమే సమత అనుకోవడం పొరపాటు.

నా ఆక్షేపణ ఆ అంకె మీద కాదు, రెండు కొలబద్దల మీద. ఒకరిని, "నీవు ఎంత తింటావు?" అని అడుగుతున్నాం. రెండోవారిని, "నీ పదవి ఎంత గొప్పది?" అని అడుగుతున్నాం. మొదటివాడికి బాధ్యత లేనట్టూ, రెండోవాడికి ఆకలి లేనట్టూ వుంది ఈ వరస. 2024 ఏప్రిల్ 3న హత్నూర మండలంలోనే చందాపూర్ దగ్గర ఒక రసాయన కర్మాగారంలో రియాక్టరు పేలి మనుషులు చనిపోయారు. అటువంటి యంత్రం దగ్గర నిలబడి వేడిమి ఎంతుందో చూసుకుంటూ వుండే మనిషి చేతిలో ఎందరి ప్రాణాలు వుంటాయో లెక్క వేసుకోండి. మూడవ కార్యదర్శి రాసిన నోటులో తప్పు దొర్లితే పైవాళ్ళు ముగ్గురు దిద్దుతారు. ఇక్కడ దిద్దడానికి వ్యవధి వుండదు. అయినా ఆ మనిషి కూలి నిర్ణయించేటప్పుడు బాధ్యత అన్న మాట ఎక్కడా రాదు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి వేతన సంఘం కట్టిన ఆ 18,000 కూడా వర్తించదు. బాధ్యతకు వెల కట్టదలిస్తే అందరి బాధ్యతకూ కట్టాలి. అవసరాన్ని బట్టి ఇవ్వదలిస్తే అందరి అవసరాన్నీ ఒకే కాటాలో తూచాలి. ఇద్దరికి రెండు కాటాలు పెట్టిన కొట్టును మనం మామూలుగా ఏమంటామో చెప్పనక్కరలేదు.

ఒక ఆదివారం ఆ విద్యార్థి ఇంటికి పోయాను. అతని తండ్రి మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుని అప్పుడే లేచాడు. కొడుకు చెప్పిన సంగతులన్నీ ఆయనకు జ్ఞాపకమున్నాయి. విదేశంలో వుండగా జీతం గాక ఆ వూరి ధరలను బట్టి విదేశీ భత్యం వస్తుందనీ, ఇంటి అద్దె ప్రభుత్వమే భరిస్తుందనీ నేను చెపుతూ వుంటే శ్రద్ధగా విన్నాడు. "ఇంట్ల పనికి మనిషిని గూడ ఈడికెల్లి తోల్కపోవచ్చునట గద సారూ? ఆమెకెంతిస్తరు?" అన్నాడు.

నేను ఆయనకు న్యూయార్కు సంగతి చెప్పాను. 2013 డిసెంబరులో అక్కడి మన దౌత్యాధికారిణి ఒకామెను అమెరికా అధికారులు అరెస్టు చేశారు. వీసా కోసం చూపిన ఒప్పందంలో ఇంటి పనిమనిషికి గంటకు 9.75 డాలర్లు అని రాసి, విడిగా చేసుకున్న రెండో ఒప్పందంలో నెలకు 30,000 రూపాయలే రాశారని అభియోగం. 2014 మార్చిలో దౌత్య రక్షణ వుందన్న కారణంతో కోర్టు ఆ కేసు కొట్టివేసింది. రెండు రోజులకే మళ్ళీ అభియోగం మోపారు. అధికారిణిని బట్టలిప్పించి సోదా చేసినందుకు దేశమంతా మండిపడింది. ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ కోపంలో పనిమనిషి కూలి సంగతి ఎవరికీ పట్టలేదు. అక్కడి చట్టం ప్రకారం పనిమనిషికి ఇవ్వాలంటే అధికారి జీతం ఏ మూలకూ చాలదన్న వాదం మాత్రం ఆ రోజుల్లో అంతటా వినిపించింది. దౌత్యాధికారి జీతం ఎంతవుండాలో ఏళ్ళ తరబడి తర్కించిన రాజ్యానికి, ఆ ఇంట్లోనే అన్నం వండే మనిషికి ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చడానికి తీరిక దొరకలేదు.

ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. గంటకు 9.75 చొప్పున ఎనిమిది గంటలకు 78 డాలర్లు. డాలరుకు అప్పుడు అరవై రూపాయల పైమాటే అన్నాను. "ఒక్క దినానికేనా?" అని ఆశ్చర్యపోయాడు. కాసేపు వూరుకుని, "మరి అంత ఆమెకే ఇస్తే మనోనికి ఏం మిగుల్తది సారూ?" అన్నాడు.

కొడుకు నా ముఖం వంక చూశాడు. "మనోడు" అన్న మాటకు నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. ఆయన ఏ కూలి మీద బతుకుతున్నాడో ఆ కూలిని, ఇంకా పరీక్షయినా రాయని కొడుకు పక్షాన నిలబడి, అప్పుడే ఖర్చు కింద వేసుకున్నాడు.