వంత పాడే నేస్తం

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఏన్కూరు వస్తుంది. మైదానం ఇక్కడికి వచ్చేసరికి పలచబడుతుంది. జూలూరుపాడు వైపు సాగేకొద్దీ అడవి గాలి తగులుతుంది. చుట్టూ కోయగూడేలు, లంబాడా తండాలు, నడుమ మిరప, పత్తి చేలు. ఆ దారినే పోతే చివరికి గోదావరి, దాని ఒడ్డున భద్రాద్రి రాముడు. రాముడికి ఇంత దగ్గరగా బతుకుతున్న ఈ నేలలో చాలా ఊళ్లకు ఒక రామాలయం ఉంటుంది. అందులో దూలానికి వేలాడే చిడతలు, మూలన గుడ్డ కప్పిన హార్మోనియం పెట్టె కనిపిస్తాయి.

రామాలయంలో రాత్రి భజన ఎలా మొదలవుతుందో చూసినవాళ్లకు తెలుసు. పొద్దంతా చేలో నడుం వంచినవాళ్లు స్నానం చేసి, అన్నం తిని, ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. ఎవరి కష్టం ఏమిటని ఎవరూ అడగరు. ఒకాయన గొంతు సవరించుకుని పల్లవి ఎత్తుకుంటాడు. మిగతావాళ్లు అందుకుంటారు. రెండోసారికి తాళం కుదురుతుంది, నాలుగోసారికి కాలం పెరుగుతుంది. పాడేవాడి గొంతు అలిసిందని తెలియగానే పక్కవాడు చరణం తన మీద వేసుకుంటాడు. ‘నువ్వు అందుకో’ అని చెప్పాల్సిన పని ఉండదు.

ఈ అందుకోవడాన్నే వంత అంటారు. ఈ మధ్య మన వాడుకలో వంత పాడటమంటే ఆలోచన లేకుండా తలూపడం అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ మాటకు ఇంత అన్యాయం జరగకూడదు. భజనలో వంత పాడాలంటే ముందు వినాలి. ఎదుటివాడు ఏ శ్రుతిలో ఉన్నాడో, ఏ మాట దగ్గర ఆగాడో, ఎక్కడ గొంతు వణికిందో పట్టుకోవాలి. పట్టుకున్నదాన్ని తన గొంతుతో తిరిగి ఇవ్వాలి. లోపలి మాటను నేస్తం చేతిలో పెట్టడానికి మన పల్లెలకు దొరికిన దారి ఇది.

అప్పుల్లో కూరుకుపోయిన రైతు ఆ సంగతి ఇంట్లో చెప్పలేడు. కొడుకుతో మాటల్లేని తండ్రి ఆ బాధను వాకిట్లో పెట్టుకోలేడు. వాళ్లకు రామదాసు కీర్తన ఒకటి చాలు. ఎందుకంటే రామదాసు రాముడితో పోట్లాడాడు. సీతమ్మకు ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి, భరతుడికి ఏమేం పెట్టాడో లెక్క చెప్పి, ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావని నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, మన్నించమని వేడుకున్నాడు. ఒక్క పాటలోనే నిష్ఠూరం, పశ్చాత్తాపం రెండూ ఉన్నాయి. పది మంది మధ్య కూర్చుని ఆ పాట ఎత్తుకున్న రైతు తన కథ ఒక్క ముక్క కూడా చెప్పడు. అయినా వంత పాడిన నేస్తాలకు ఆ రాత్రి అంతా తెలిసిపోతుంది.

ఆ రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. ఆయన పుట్టిన నేలకొండపల్లి ఈ ఖమ్మం జిల్లాలోనే ఉంది. గోల్కొండ సుల్తాను తానీషా ఏలుబడిలో ఆయన పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడన్న నేరం మీద గోల్కొండ ఖైదులో 12 ఏళ్లు గడిపాడని చెబుతారు. ఖైదులో ఆయన పాటకు వంత పాడేవాళ్లు ఎవరున్నారు? గోడలే విన్నాయి. అంత ఒంటరిగా పుట్టిన పాట మూడు వందల ఏళ్లు దాటి ఏన్కూరు చుట్టుపక్కల పల్లెల దాకా రావాలంటే దాన్ని ఎవరో అందుకోవాలి కదా. అలా అందుకున్నవాళ్లలో ఒక జత గురించి ఈరోజు చెప్పాలని ఉంది. భద్రాద్రికి వెళ్లివచ్చేవాళ్లలో కూడా వీళ్ల పేర్లు తెలిసినవాళ్లు తక్కువ.

తూము నరసింహదాసు గుంటూరువాడు. 1790లో పుట్టాడు. వరద రామదాసు కంచి నుంచి వచ్చినవాడు. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు బతుకులు. రాముడి పేరు మీద ఇద్దరూ ఒకటయ్యారు. హైదరాబాదులో చందూలాల్ మంత్రిగా ఉన్న ఆ కాలంలో భద్రాద్రి ఆలయ నిర్వహణ వీళ్ల చేతికి వచ్చింది. గోపన్న తరువాత గుడి చూసిన ఒడిదుడుకులకు లెక్కలేదు. నిత్యం జరగాల్సిన సేవలను మళ్లీ ఒక దారిలో పెట్టాల్సి వచ్చింది. ఏ రోజు ఏ సేవ, ఏ వారం ఏది, పక్షానికి, మాసానికి, సంవత్సరానికి ఏ ఉత్సవం అన్న క్రమాన్ని ఈ మిత్రులు కూర్చారు. నరసింహదాసు ఆ సేవలకు తగిన కీర్తనలు రాశాడు. ఆ కీర్తనలు భజన సంప్రదాయంలోకి చేరిపోయాయి.

ఇందులో నన్ను కదిలించేది ఆ పని తీరు. ఇద్దరు స్నేహితులు దేవుడి గురించి తమలో కలిగిన భావాలను చర్చలతో సరిపెట్టుకోలేదు. వాటిని ఒక దినచర్యగా మలిచారు. వెలిగించాల్సిన దీపం, వండాల్సిన ప్రసాదం, పాడాల్సిన పాట, ఆ పాటకు వేళ, ఇవన్నీ కలిసి కూర్చుని ఆలోచించినవే. ఒకరి మనసులోని భక్తి మరొకరి చేతిలో పనిగా మారింది. నరసింహదాసు తిరువయ్యారు వెళ్లి త్యాగరాజస్వామిని కూడా దర్శించుకున్నాడు. భద్రాద్రి రామదాసు అంటే త్యాగయ్యకు ఎంత గౌరవమో ప్రహ్లాద భక్తి విజయంలో చూడవచ్చు. గోల్కొండలో ఒంటరిగా లేచిన గొంతును కావేరి ఒడ్డున ఒకాయన విన్నాడు, గోదావరి ఒడ్డున ఇద్దరు అందుకున్నారు.

1833లో వరద రామదాసు కన్నుమూశాడు. మిత్రుడి దేహాన్ని గోదావరికి అప్పగించడానికి నీళ్లలోకి దిగిన నరసింహదాసు మళ్లీ ఒడ్డుకు రాలేదని భద్రాద్రి చెప్పుకుంటుంది. ఈ కథ విన్నవాళ్లు ఆ చివరి ఘట్టం దగ్గరే ఆగిపోతారు. నా మనసు మాత్రం అంతకు ముందు సంవత్సరాల మీదికే పోతుంది. రోజూ తెల్లవారకముందే లేచి, ఈరోజు స్వామికి ఏం పాడదామని ఒకరినొకరు అడిగిన ఆ మామూలు రోజులు ఎన్ని ఉండి ఉంటాయి!

ఇలాంటి స్నేహానికి చోటిచ్చిన మన పెద్దలు ఆత్మజ్ఞానాన్ని గురుశిష్యుల మధ్య మాత్రమే ఉంచలేదు. గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు పురాతనమైన యోగాన్ని అర్జునుడికే ఎందుకు చెబుతున్నాడో కారణం చూపిస్తాడు. భక్తుడు కావడం ఒకటి, స్నేహితుడు కావడం రెండోది. పదో అధ్యాయంలో భక్తుల లక్షణం చెప్పేటప్పుడు వాళ్లు ఒకరికొకరు తెలియజెప్పుకుంటూ ఆనందిస్తారని అంటాడు. ఎవరో ఒకరు పీఠం మీద కూర్చుని చెప్పడం, మిగతావాళ్లు కింద కూర్చుని వినడం అన్న బొమ్మ మన తలల్లో బలంగా పడిపోయింది గానీ, గీతలో ఈ ఎదురెదురు కూర్చోవడం కూడా ఉంది. గురువుకైనా అందుకునేవాడు కావాలి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి శిష్యుడు దూదేకుల సిద్దయ్య దొరకకపోయి ఉంటే ఆయన తత్వాలు ఇంతమంది నోళ్లకు చేరేవా?

ఇలా ఎదురెదురు కూర్చుని చేతులకు పని ఉన్నప్పుడు మనసు సులువుగా విచ్చుకుంటుందని మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మిరపకాయల తొడిమలు తీస్తూ గుండ్రంగా కూర్చున్న చోట వినిపించేంత నిజం సభల్లో వినిపించదు. తూర్పుగోదావరి కోరుకొండ వైపు భక్తులు భద్రాద్రి కల్యాణం కోసం వరి పండించి, ఆ వడ్లను గోళ్లతో ఒలిచి గోటి తలంబ్రాలు పంపుతారు. రోకలి ముట్టదు, మిల్లు ముట్టదు. ఒక్కో గింజనూ గోటితో ఒలవాలంటే ఎంతసేపు కూర్చోవాలి, ఎంతమంది కూర్చోవాలి! ఆ కూర్చున్నంతసేపూ వాళ్ల మధ్య సాగిన మాటలు కూడా ఆ తలంబ్రాలతోపాటే స్వామికి చేరతాయని నేను నమ్ముతాను.

ఈ నేలకు ఉన్న సంపద రామకీర్తన ఒక్కటే కాదు. తండాల్లో లంబాడాల గురువు సేవాలాల్ భజనలు ఉన్నాయి. కోయల్లో డోలీలు ఇలవేల్పుల కథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు మీద పాడుతూ తరం నుంచి తరానికి మోసుకొచ్చారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటివాడు. చదువు లేదు, కథలన్నీ నోటికే ఉన్నాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన వెళ్లిపోయాడు. ఆయన గుండెలో ఉన్నదంతా ఎవరైనా పూర్తిగా అందుకున్నారా అన్న ఆలోచన వస్తే నాకు దిగులు కలుగుతుంది.

అందుకే ఏన్కూరు చుట్టుపక్కల యువతీయువకులను ఒక మాట అడుగుతున్నాను. చదువుకని, కొలువుకని ఖమ్మం, హైదరాబాదు వెళ్లిన మీరు పండుగకు ఇంటికి వస్తారు. స్నేహితులు కలుస్తారు. రెండు గంటలు కూర్చుని ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుని లేచిపోకండి. నలుగురు కలిసి ఒక నోటుపుస్తకం కొనండి. మీ ఊళ్లో భజన తెలిసిన తాతల దగ్గరికి, తండాలో పాట తెలిసిన అవ్వల దగ్గరికి, గూడెంలో డోలు కొట్టే పెద్దమనిషి దగ్గరికి వెళ్లండి. ఒక్కో పేజీకి ఒక్కో పాట, వాళ్లు పలికిన తీరులోనే రాసుకోండి. ఎదుటి పేజీ ఖాళీగా ఉంచండి. ఆ పాట వింటుంటే మీ లోపల ఏం కదిలిందో, ఏ సందేహం లేచిందో మీలో ఒకరు అక్కడ రాయండి. నమ్మకం కలగకపోతే ఆ మాటే రాయండి. రామదాసే నిలదీసినప్పుడు మీ సందేహానికి దోషమేమీ అంటదు. ఆ పుస్తకం తరువాతివాడి చేతికి ఇవ్వండి. అతడు మీ మాట కింద తన మాట రాసి ఇంకొకరికి ఇస్తాడు. వంత పాడటం కాగితం మీద కూడా సాధ్యమే.

ధనుర్మాసం వచ్చేలోపు ఒక సాయంత్రం మీ ఊరి రామాలయం తలుపులు తీయించండి. దూలం మీది చిడతలు దించి దుమ్ము తుడవండి. రాగం తెలియదని, గొంతు బాగుండదని ఎవరూ వెనక్కి తగ్గొద్దు. మీలో ఎవరికి వచ్చిన పాట వాళ్లు ఎత్తుకోండి. మిగతావాళ్లు శ్రద్ధగా విని, వంత అందుకోండి.