దొంగతనానికి ముద్దుపేరు, సాక్ష్యానికి తిట్టుపేరు

ఆంగ్ల భాషలో ‘స్నిచ్’ అనే వాడుక మాట ఒకటుంది. దానికి రెండు అర్థాలున్నాయి. ఒకరి తప్పును పెద్దలకు చెప్పేయడం మొదటిది. చిన్నాచితకా వస్తువును చడీచప్పుడు లేకుండా కాజేయడం రెండోది. దొంగిలించడానికీ, దొంగ సంగతి బయటపెట్టడానికీ ఒకే మాట! ఇంగ్లీషు మీడియం బడుల్లో చదివే మన పిల్లలు, విదేశాల్లో స్థిరపడిన మన బంధువుల పిల్లలు ఇలాంటి మాటలను సినిమాల నుంచి, తోటివారి నుంచి నేర్చుకుంటున్నారు. భాష నేర్చుకోవడం తప్పు కాదు. అయితే మాటతోపాటు ఆ మాటలో దాగివున్న తీర్పు కూడా మనసులోకి ప్రవేశిస్తుందని గ్రహించాలి.

ఆ మాటలను కాస్త పరిశీలించండి. బ్రిటన్‌లో చిన్న దొంగతనాన్ని ‘నిక్’ అనీ, ‘పించ్’ అనీ అంటారు. పించ్ అంటే గిల్లడం. లండన్ వాసులు దానికి ప్రాస కలిపి ‘హాఫ్ ఇంచ్’ అని కూడా అంటారు. అమెరికాలో దుకాణంలోని సరుకు దొంగిలించడానికి ‘ఫైవ్ ఫింగర్ డిస్కౌంట్’ అని పేరు. అంటే ఐదు వేళ్ళు ఇప్పించిన తగ్గింపు ధర అన్నమాట! ఇక ఆ సంగతి చెప్పినవాడికి దక్కే పేర్లేమిటి? ‘ర్యాట్’, అంటే ఎలుక. బ్రిటన్‌లో ‘గ్రాస్’, ఆస్ట్రేలియాలో ‘డాబర్’, పిల్లల మధ్యనైతే ‘టాటిల్‌టేల్’. దొంగతనానికి నవ్వు తెప్పించే మాటలు, చెప్పినవాడికి ఛీకొట్టే మాటలు!

మన భాష కూడా తక్కువేమీ కాదు. ‘నొక్కేశాడు’, ‘చేతివాటం చూపించాడు’ అని మనం కూడా నవ్వుతూనే అంటాం.

ఈ తారుమారుకు కారణమేమిటి? ‘స్నిచ్’ అనే మాట పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండు నేరస్తుల వాడుకలో ఉండేది. దొంగకు తన పని చులకనగానే కనిపిస్తుంది. దాన్ని బయటపెట్టేవాడే అతనికి శత్రువు. ఆ మాటను మన పిల్లవాడు పలికినప్పుడు, తనకు తెలియకుండానే దొంగ పక్షాన నిలబడి లోకాన్ని చూస్తున్నాడు.

ఇది కేవలం మాటల ముచ్చట కాదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఒక తల్లి తన వీధిలో సాగే మాదకద్రవ్యాల అమ్మకం గురించి పోలీసులకు ఫిర్యాదు చేసింది. 2002 అక్టోబరులో ఆమె ఇంటికి నిప్పుపెట్టారు. ఆమె, ఆమె భర్త, ఐదుగురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళు గడిచాయో లేదో, 2004లో, అదే నగరంలో పోలీసులకు సమాచారమిచ్చేవారిని బెదిరించే వీడియో ఒకటి వెలువడింది. దాని పేరులోనూ ఈ ‘స్నిచ్’ మాటే ఉంది.

అయితే చాడీలు చెప్పేవాణ్ణి జనం అసహ్యించుకోవడంలో న్యాయం లేదా? తప్పక ఉంది. చాడీలు మోసుకు తిరిగేవాణ్ణి దివ్యఖుర్ఆన్ (68:11) తీవ్రంగా నిందించింది. అలాంటివాడు స్వర్గంలో ప్రవేశించడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఇతరుల రహస్యాలు కూపీ లాగడాన్నీ, పరోక్షనిందనూ ఖుర్ఆన్ (49:12) నిషేధించింది. అదే ఖుర్ఆన్ సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపభరితమైనదని (2:283) ప్రకటించింది. స్వయంగా మనకూ, మన తల్లిదండ్రులకూ వ్యతిరేకంగానైనా సరే, సత్యసాక్ష్యం ఇవ్వాలని (4:135) ఆదేశించింది. అంటే చెప్పడమే నేరం కాదు. ఎవరికి, ఎందుకు చెబుతున్నామన్నదే అసలు ప్రశ్న.

హజ్రత్ హింద్ (రజి) ఉదంతం ఈ విషయాన్ని తేటతెల్లం చేస్తుంది. తన భర్త అబూ సుఫ్యాన్ (రజి) పిసినారి అనీ, తనకూ పిల్లలకూ చాలినంత ఇవ్వరనీ, ఆయనకు తెలియకుండా తీసుకోవలసి వస్తోందనీ ఆమె దైవప్రవక్త (సఅసం)కు విన్నవించుకున్నారు. ఆయన దాన్ని చాడీగా పరిగణించలేదు. ధర్మసమ్మతంగా తనకూ పిల్లలకూ సరిపడేంత తీసుకోవచ్చని అనుమతించారు. ఆమె చెప్పింది న్యాయం చేయగలిగినవారికి, తన హక్కు కోసం. తీసుకున్నది తనకు రావలసిన దానిలో నుంచే. ఇదే మాటను ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మధ్య వినోదం కోసం చెప్పివుంటే అది పరోక్షనిందే అయ్యేది.

ఇక ‘చిన్న’ దొంగతనం సంగతి. ఖైబర్ యుద్ధప్రాప్తి నుంచి, పంపకానికి ముందే, ఒక సేవకుడు ఒక దుప్పటి తీసుకున్నాడు. తర్వాత అతను బాణం తగిలి మరణిస్తే జనం అతనికి స్వర్గం లభించిందన్నారు. దైవప్రవక్త (సఅసం) మాత్రం ఆ దుప్పటి అతనిపై అగ్నిగా మండుతోందని చెప్పారు. అది విన్న ఒక వ్యక్తి తాను తీసుకున్న చెప్పుల వారు తెచ్చి ముందు పెట్టాడు. ఆ వారు కూడా అగ్నికి సంబంధించినదేనని ఆయన అన్నారు. చెప్పుల వారు! దానికి మనం ఏ ముద్దుపేరు పెడతాం?

కనుక సోదర సోదరీమణులారా! “అమ్మీ, భయ్యా డబ్బాలోంచి చిల్లర తీశాడు” అని పాప వచ్చి చెప్పినప్పుడు, “చాడీలు చెప్పకు” అని నోరు మూయించకండి. భయ్యాకు దెబ్బలు పడాలని చెబుతోందా, లేక తప్పు ఆగాలని చెబుతోందా అన్నది నెమ్మదిగా తెలుసుకోండి. మొదటిదైతే ఆమెను సంస్కరించండి. రెండోదైతే మెచ్చుకోండి. ఆ తర్వాత అబ్బాయిని నలుగురి ముందు కాక, ఒంటరిగా పిలిచి ఆ చిల్లరను తిరిగి డబ్బాలో వేయించండి. దాన్ని మాత్రం దొంగతనమనే పిలవండి.

ప్రతి పనినీ దాని అసలు పేరుతో పిలిచే ధైర్యాన్నీ, నాలుకను అదుపులో ఉంచుకునే వివేకాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.