తొలి ముద్ద ఎవరికి?

తిరువళ్లూరు వీరరాఘవస్వామి శేషశయ్య మీద పవళించి ఉంటాడు. కుడిచేయి మాత్రం శాలిహోత్ర మహర్షి తల మీద ఉంటుంది. ఆ చేయి అక్కడికి ఎలా చేరిందో స్థలపురాణం చెబుతుంది.

ఏడాది ఉపవాసమున్న మహర్షి బియ్యపు గింజలు ఏరి తెచ్చి, పిండి కొట్టి, స్వామికి నివేదించి, అతిథి కోసం ఎదురుచూశాడు. ఓ ముసలాయన వచ్చాడు. పెట్టింది తిని, ఇంకా ఆకలే అన్నాడు. మహర్షి తన వాటా కూడా పెట్టేసి మళ్లీ ఏడాది ఉపవాసానికి కూర్చున్నాడు. మరుసటేడూ అదే ముసలాయన, అదే ఆకలి. ఈసారి తిన్నాక నడుం వాల్చడానికి చోటడిగాడు. కుటీరంలో పడుకుని మహర్షి తల మీద చేయి పెట్టింది సాక్షాత్తూ నారాయణుడే! సంక్రాంతి వెళ్లాక వచ్చే తై అమావాస్యకు హృత్తాపనాశిని కోనేటి గట్టున జనం కిక్కిరిసేది అందుకే.

తిరుత్తణి కొండది కొర్రచేని కథ. చేనుకు కావలి ఉన్న వల్లి దగ్గరికి కుమారస్వామి కూడా ముసలి వేషంలోనే వచ్చాడు, తేనె కలిపిన కొర్రపిండి తిన్నాడు. పంట ఇంటికి రాగానే దేవుడికి ఆకలి వేస్తుంది కాబోలు, అదీ మనం పోల్చుకోలేని రూపంలో!

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. అక్కడి తెలుగు ఇళ్లలో భోగి, సంక్రాంతి, కనుమ మారలేదు. చిత్తూరు సీమలో కనుమ నాడు అడవి ఆకులూ చెక్కలూ ఉప్పుతో దంచి ‘ఉప్పుచెక్క’ చేసి పశువులకు తినిపిస్తారు. అది చేదు. ఎద్దు మూతి తిప్పుకుంటుంది, అయినా దవడ పట్టి మింగిస్తారు. ఏడాదికి సరిపడా మందు అది. ఆపైన పొంగలిలో కొంత తీసి ‘పొలో పొలి’ అని అరుస్తూ పొలాల్లో చల్లుతారు.

పంట పండగలు లోకమంతా ఉన్నాయి. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం, కెనడాలో అక్టోబరు రెండో సోమవారం. కొరియావాళ్లు చూసక్ నాడు కొత్త బియ్యపు పిండివంటలు ముందు పితృదేవతలకు పెడతారు, మన సంక్రాంతి పెద్దలకు పెట్టుకున్నట్టే. జపాన్ చక్రవర్తి కొత్త బియ్యాన్ని దేవతలకు నివేదించాకే తాను రుచి చూస్తాడు. ఆ నివేదన జరిగే నవంబరు 23నే 1948లో శ్రమకు కృతజ్ఞత చెప్పే సెలవు దినంగా చేశారు. ఇది నాకు బాగా నచ్చింది.

ఎందుకంటే మనం పశువును తలుచుకున్నాం, పెద్దల్ని తలుచుకున్నాం. నాటు వేసిన కూలీ మహిళను మాత్రం మరిచిపోతున్నాం. ఒకప్పుడు కళ్లంలోనే ఆమెకు గింజలు కొలిచేవారు. కోత మిషన్ వచ్చాక కళ్లమే లేదు. ఈ సంక్రాంతికి కొత్త బియ్యం పొంగలి దించగానే, దేవుడికి నైవేద్యం పెట్టాక, మొదటి గిన్నె ఆమె ఇంటికి పంపండి.