కాపలాకు కాపలా

పైడితల్లి సిరిమానోత్సవం బందోబస్తులో తాడు పట్టుకుని నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ని. విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో ఇసకేస్తే రాలదు. నాపైన ఎస్సై, సీఐ, డీఎస్పీ, ఎస్పీ; ఆపైన విశాఖ రేంజి డీఐజీ, డీజీపీ. ఇన్ని మెట్లున్నా, రాత్రి లాకప్ దగ్గర ఒంటరిగా ఉన్న పోలీసు చెయ్యి లేస్తే చూసేదెవరు? 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులపై ఫిర్యాదుల అథారిటీలు పెట్టమంది. మంచిదే, కాని ఫిర్యాదు వచ్చేది దెబ్బ పడ్డాకే కదా! “అమ్మోరు సూస్తాదిరా” అనేది మా అమ్మ. సాక్షి లోపలే ఉన్నాడంటాయి ఉపనిషత్తులు. ఆ సాక్షికి నిద్రొస్తుంది, అమ్మవారు వాంగ్మూలం ఇవ్వదు. 2020లో అదే కోర్టు స్టేషన్లలో కెమెరాలు పెట్టమంటే, నమ్మకం లేదా అని మావాళ్లు గొణిగారు. గుడి హుండీకి పెట్టుకోలేదా మనం?