పిండిచేతుల పాఠం

"చేతులు కడుక్కోరా!" అని రోజుకి పదిసార్లు అరుస్తాం. వాడు వేళ్ళు తడిపి నిక్కరుకి తుడుచుకుని వచ్చేస్తాడు. కనబడని సూక్ష్మజీవి వాడికి బూచాడి కథే మరి!

చదువుకున్నవాళ్ళే నమ్మలేదు. 1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసొచ్చిన చేతులు క్లోరిన్ నీళ్ళతో కడుక్కున్నాకే పురుడు పోయాలన్నాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. తన చేతులు మురికివంటే ఎవరికి రుచిస్తుంది?

అందుకే ఉపన్యాసం మాని, ఓ ఆదివారం బిస్కెట్ల పిండి కలపడం వాడికే అప్పగించండి. "ఇవి తాతయ్య తింటారు" అనండి చాలు. ఇరవై సెకన్లు సబ్బు రుద్దడం, గోళ్ళ సందులు చూసుకోవడం వాడి బాధ్యతయిపోతుంది. పచ్చిపిండి నాకకూడదనీ, ఓవెన్‌లో బాగా కాలితేనే అందులోని క్రిములు చస్తాయనీ అప్పుడే చెప్పచ్చు.

మన మడీ శుభ్రతే కదా అంటారు కొందరు. నాకలా తోచదు. మడి ఎదుటివాళ్ళని "ముట్టుకోకు" అంటుంది. శుభ్రత, ఎదుటివాళ్ళకి హాని జరక్కూడదని తన చేతులు కడుక్కుంటుంది.

మరి ఆ పిండిగిన్నె దగ్గరికి పనమ్మాయి కూతుర్నీ పిలుస్తామా? పిల్లలకి మనం నేర్పేది మడో, శుభ్రతో అక్కడే తేలిపోతుంది.